ఆరు చీరల టీచరమ్మ

సోమవారం ముదురాకుపచ్చ. మంగళవారం ఇటుకరంగు. బుధవారం నీలం మీద సన్న గళ్లు. గురువారం వంగపండు రంగు. శుక్రవారం ఆవపువ్వు పసుపు. శనివారం గోధుమరంగు చీర, దానికి ఎర్ర అంచు.

కర్నూలు నుంచి కొడుమూరు దారిలో పోయే పల్లెవెలుగు బస్సు కండక్టరుకు క్యాలెండరుతో పని లేదు. ఆ టీచరమ్మ బస్సెక్కితే చాలు, ఆ రోజు ఏ వారమో తెలిసిపోతుంది. 'ఏం మేడమ్, ఇటుకరంగొచ్చింది... అప్పుడే మంగళవారమా!' అని ఒకసారి పైకే అనేశాడు. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మర్నాడు నీలంగళ్ల చీరలోనే వచ్చింది.

ఇక పిల్లల సంగతి చెప్పేదేముంది? పాఠం మరిచిపోతారేమోగానీ టీచరు చీరను మరిచిపోరు. ఏ టీచరుకు ఎన్ని చీరలున్నాయో, ఏది కొత్తదో, ఏది పోయిన ఏడాది ఆగస్టు పదిహేనుకు కట్టిందో రెండో తరగతి పిల్లనడిగినా చెబుతుంది. మొదట్లో తోటి టీచర్లు చాటుగా అనుకున్నారు... 'జీతం తీసుకుంటూ ఇంత పిసినారితనమా?' అని. తర్వాత్తర్వాత వాళ్లే పక్కకు పిలిచి అడగటం మొదలుపెట్టారు. 'ఈ చీర ఎక్కడిదక్కా? ఏం చేస్తావు దీన్ని, పొద్దున కట్టింది సాయంత్రం దాకా అట్లే నిలబడుతుంది?' అని.

ఆరే చీరలు ఎందుకంటే, ఆమె కోరి ఎంచుకున్న లెక్క కాదది. ఆ లెక్క పెట్టింది తుంగభద్ర.

2009లో విజయదశమి సెప్టెంబరు 28న వచ్చింది. ఆ రోజు కట్టిన ధర్మవరం పట్టుచీరను నీడన ఆరబెట్టి, మడతపెట్టి బీరువాలో పెట్టింది. అది ఆమె పెళ్లిచీర. నాలుగు రోజులు తిరక్కుండానే, అక్టోబరు 2న, తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చాయి. పాతబస్తీలో ఇల్లు. ఇద్దరు పిల్లల్ని, అత్తమ్మను, సర్టిఫికెట్ల సంచిని తీసుకొని ఎత్తుమీదున్న బంధువుల ఇంటికి పరుగెత్తారు. అప్పటికి కొడుకు ఒకటో తరగతి, కూతురికి ఎనిమిదేళ్లు. కరువుసీమ అని పేరుపడ్డ ఊళ్లో నీళ్లకు భయపడి పారిపోవలసి వస్తుందని ఎవరనుకున్నారు!

మూడోరోజు తిరిగొచ్చారు. ఇంట్లో మోకాటిలోతు బురద. బీరువా తలుపు రాలేదు. గునపంతో తెరిచారు. ఇరవైరెండు చీరలు ఒకే ముద్దగా ఉన్నాయి. ఎరుపు పసుపులోకి, పసుపు తెలుపులోకి దిగిపోయింది. మీదున్న సింథటిక్ చీరలు రంగు పోలేదుగానీ బురదవాసన వాటిని వదల్లేదు. ఎన్నిసార్లు ఉతికినా వదల్లేదు.

చిత్రమేమిటంటే, ఖరీదైన పట్టుచీరలే ముందు పోయాయి. పట్టుదారం తడిస్తే బలం తగ్గుతుంది. నూలుదారం తడిస్తే ఇంకాస్త గట్టిపడుతుంది. చాకిరేవులో బండకేసి బాదినా నూలుచీర తట్టుకునేది అందుకే. ఆ సంగతి ఆమె తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో చదువుకోలేదు, బీరువా ముందు కూర్చొని తెలుసుకుంది. పెళ్లిచీర మడత విప్పుతుంటే మడత దగ్గరే చీలిపోయింది. దాని కిందున్న రెండు నూలుచీరలు మాత్రం నాలుగు నీళ్లలో జాడిస్తే ప్రాణంతో బయటపడ్డాయి. ఒకటి ఇటుకరంగుది. రెండోది కొడుమూరులో కొన్న గద్వాల చీర. గోధుమరంగు నూలు ఒళ్లు, ఎర్ర పట్టు అంచు.

నదికి అటు గద్వాల, ఇటు కొడుమూరు. పేరు గద్వాలదేగానీ కొడుమూరు మగ్గాల మీదా ఆ చీరలు నేస్తారు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఎండకు ఒంటికి హాయి, పేరంటానికి కంటికి ఇంపు. రోజంతా పనిచేసి సాయంత్రం పెళ్లికి పోవలసిన ఆడదాన్ని దృష్టిలో పెట్టుకొని ఎవరో కనిపెట్టినట్టుంటుంది. ఆ చీర అంచులోని ఎరుపు కొంత ఒంట్లోకి దిగింది. జానెడు మరక. అదృష్టం, లోపల బొడ్లో దోపుకునే కొసన దిగింది. కట్టుకుంటే ఎవరికీ కనిపించదు.

రెండు చీరలతో బడికి పోలేదు కదా! తోటి టీచర్లు, బంధువులు తలా ఒకటి ఇచ్చారు. దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు అలా వచ్చిన చీర కట్టుకొని తరగతిలోకి వెళ్లింది. ముందు బెంచీ పిల్ల లేచి నిలబడి, మనసులో ఏమీ లేకుండానే అడిగింది.

'టీచర్, ఇది లెక్కల టీచరమ్మ చీర గదా?'

'అవును పాపా, చానా బాగుందని అడిగి తీసుకున్యా' అంది. ఆ మధ్యాహ్నం అన్నంగంటకు మాత్రం స్టాఫ్‌రూముకు వెళ్లలేదు. చెట్టుకింద పిల్లలతోపాటు కూర్చొని తినేసింది. ఇచ్చినవాళ్లది మంచిమనసే. కానీ ఇంకొకరి రంగుల్లో, ఇంకొకరి కొలతల జాకెట్‌లో నలభైమంది ముందు నిలబడి పాఠం చెప్పటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. భుజం దగ్గర జాకెట్ జారుతుంటే నల్లబల్ల మీద చెయ్యెత్తి రాయటానికే జంకు. 'బట్టలదేముంది, మనిషి బతికితే చాలదా' అన్నవాళ్లూ ఉన్నారు. నిజమే. కానీ ఆ మాట అన్నవాళ్లు ఆ రోజు తమ చీరే కట్టుకొని ఉన్నారు.

భర్త ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఆ దుకాణమూ మునిగింది. నాలుగు నెలలు ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచింది. మంచాలు, పరుపులు, మిక్సీ, పిల్లల పుస్తకాలు... ఒక్కొక్కటీ మళ్లీ మొదటినుంచి. కప్పుకోవడానికి ఎవరో పంపిన ఎమ్మిగనూరు దుప్పట్లే ఆ చలికాలమంతా గతి. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన నాటినుంచి ఆ ఊరి దుప్పటి తెలియని ఇల్లు ఆ జిల్లాలో అరుదు. నాలుగు దుప్పట్లు, ఐదుగురు మనుషులు. ఈ ఖర్చులన్నీ పోగా 2010 సంక్రాంతికి చీరల కోసమని ఆమె పక్కన పెట్టుకోగలిగింది రెండువేల రూపాయలు.

ఆ రెండువేలు పట్టుకొని కర్నూలులోనే అబ్దుల్లాఖాన్ ఎస్టేట్‌లో తిరిగుంటే ఐదారు చీరలు వచ్చేవి. కడపలో ఉన్న అక్క ఫోనులో ససేమిరా అంది. 'నువ్వు పండక్కు రా. నేను తీసకపోతా.' నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడప బస్టాండులో దిగేసరికి పిల్లలు నిద్రపోయారు. మర్నాడు అక్కాచెల్లెళ్లిద్దరూ మాధవరం వెళ్లారు. ఒంటిమిట్టకు దగ్గర్లోని నేతగాళ్ల ఊరది. వీధిలో అడుగుపెడితే మగ్గాల చప్పుడే దారి చూపిస్తుంది.

అక్కకు తెలిసిన ఇల్లు. గుంటమగ్గం మీద ఇంటాయన నేస్తున్నాడు. ముసలామె మూల కూర్చొని కండెలు చుడుతోంది. ఇల్లాలు చాప పరిచి చీరలు తెచ్చి ముందేసింది. వందో కౌంటు నూలు మెత్తగా ఉంటుందని, రోజూ బస్సులో తిరిగే మనిషికి ఎనభై కౌంటుదైతే దిట్టంగా ఉంటుందని ఆమే చెప్పింది. అక్క రంగులు ఏరింది. తెల్లనివి పక్కకు నెట్టేసింది. నల్లవీ నెట్టేసింది.

'నీ దావలో ఎర్రమన్నూ ఉంది, నల్లమన్నూ ఉంది. తెలుపు మీద రెండూ కనిపిస్తాయి. నలుపు మీద చెమటుప్పు తెల్లగా తేలుతుంది. నడిమధ్య రంగులు తీసుకో.'

ముదురాకుపచ్చ, వంగపండు, నీలంగళ్లు. ఒక్కొక్కటి ఏడు నూర్లు. చెల్లెలు బేరం మొదలుపెట్టింది. 'ఆరున్నూట యాభై చేసుకోక్కా, మూడు తీసుకుంటాండా కదా.' ఆ ఇల్లాలు ఒక్క నిమిషం మగ్గం వైపు చూసింది. ఇంటాయన తలెత్తలేదు. 'సరేలే మా. వరదలో పోగొట్టుకున్యావంట గదా, మీ అక్క చెప్పింది. తీసుకో' అంది.

డబ్బులిస్తున్నప్పుడు చూసింది టీచరమ్మ. ఆ ఇల్లాలి ఒంటిమీద ఉన్నది మిల్లు చీర. పువ్వుల పాలియెస్టరు. అంత చక్కటి నూలు నేసే ఇంట్లో ఇదేమిటన్నట్టు ఆమె ముఖంలో ఏదో కనిపించి ఉంటుంది. 'మేం నేసింది మేమే కట్టుకుంటే తినేదేంది మా?' అని నవ్వేసింది ఆమె. 'ఈ చీర మగ్గం మీద రెండు దినాల పని. పడుగు, రంగు, కండెలు... ముందర పని యారే. ఇంటిల్లిపాదీ చేస్తే గానీ కాదు.'

తిరుగు బస్సులో టీచరమ్మ లెక్క వేసింది. ఒక్కో చీరకు తగ్గించిన యాభై రూపాయలు ఎన్ని పూటల కూలి? ముగ్గురు మనుషులు, రెండు దినాలు. లెక్క తేలేకొద్దీ మనసు చివుక్కుమంది. పెద్దదుకాణంలో బేరమాడటం వేరు. కడప వైవీ స్ట్రీట్‌లో బేరమాడకపోతే దుకాణదారే మనల్ని ఎగాదిగా చూస్తాడు. నేసినవాడి గుమ్మంలో బేరం అలాంటిది కాదు. ఆ తర్వాత ఆమె మాధవరం ఎన్నిసార్లు వెళ్లినా చెప్పిన ధర ఇచ్చి వచ్చింది. అక్క కోప్పడినా సరే.

ఆరోది ఆప్కోలో ఉగాది రిబేటులో దొరికిన ఆవపువ్వు పసుపు. అంతే. ఆరు చీరలయ్యాయి. మిగిలింది వాటిని కాపాడుకోవడం.

అసలు కిటుకు చీరల్లో లేదు, జాకెట్లలో ఉందని ఆమె అంటుంది. చీరకో జాకెట్ అనే లెక్కను ముందు మానేసింది. చీరతో వచ్చే జాకెట్ ముక్కను పిల్లకు గౌనుకు వాడేసి, కట్‌పీసుల కొట్లో మంచి నూలుగుడ్డ తీసుకొని నాలుగే నాలుగు జాకెట్లు కుట్టించింది. నలుపు, మెరూన్, ముదురు ఆకుపచ్చ, మీగడరంగు. ఈ నాలుగూ ఆ ఆరింటిలో దేనితోనో ఒకదానితో పోతాయి. ఇటుకరంగు మీద ఒకవారం నలుపు, మరోవారం మీగడ. చూసేవాళ్లకు రెండు చీరల్లా కనిపిస్తుంది. కండక్టరు కళ్లకైతే కనిపించదనుకోండి! కానీ కుట్టుకూలి దగ్గర మాత్రం ఆమె పైసా తగ్గించదు. నాలుగు వందల చీర మీదకు కొలతకు సరిపోయిన జాకెట్ వేస్తే నాలుగువేల చీరలా ఉంటుంది, నాలుగువేల చీర మీదకు భుజం జారే జాకెట్ వేస్తే అడిగి తెచ్చుకున్నదానిలా ఉంటుంది. ఆ రెండోదాని సంగతి ఆమెకు బాగా తెలుసు.

తర్వాత నీళ్లు. రాయలసీమలో బట్టలకు ఎండకంటే పెద్ద శత్రువు బోరునీళ్లు. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు, రాని నురగ కోసం ఇంకా సబ్బు వేస్తాం, అది జాడించినా పోదు, ఎండాక గుడ్డమీద తెల్లటి పొర. ఏడాదికల్లా చీర వెలిసిపోతుంది. కుళాయినీళ్లు వచ్చేరోజు రెండు బకెట్లు చీరలకని పక్కన పెడుతుందామె. కొత్త నూలుచీరను మొదట ఒకరాత్రి రాళ్ల ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, విడిగా జాడిస్తుంది. మొదటి రెండు మూడు ఉతుకులు దేనితోనూ కలపదు. ఆరేసేది ఎప్పుడూ నీడలోనే, లోపలివైపు బయటకు తిప్పి. ఏప్రిల్‌లో కర్నూలు ఎండకు చీర పావుగంటలో ఆరుతుంది, అదే పావుగంటలో రంగూ పోతుంది.

గంజి అత్తమ్మ శాఖ. ఆదివారం అన్నం వార్చిన గంజిని పల్చగా చేసి, గుడ్డలో వడగట్టి, చీర ముంచి పిండుతుంది. ఎండాకాలం ఇంకా పల్చన. గంజి చిక్కనైతే చీర గాలి ఆడనివ్వదు, పెళపెళలాడుతూ గుడారంలా నిలబడుతుంది. కోడలు ఒకసారి దుకాణంలో దొరికే పొడి తెచ్చింది. అత్తమ్మ దాన్ని వాసన చూసి పక్కన పెట్టేసింది. 'వార్చే అన్నం ఉండగా ఇది కొనేదేందే!' కుక్కరు వచ్చాక చాలా ఇళ్లలో గంజి పోయింది. ఈ ఇంట్లో చీరల పుణ్యమాని ఆదివారమన్నా అన్నం వారుస్తారు.

కొంచెం తడి ఉండగానే ఇద్దరూ చెరో కొసా పట్టుకొని లాగి, అంచులు సరిచేసి, మడతపెట్టి పరుపు కింద పెడతారు. తెల్లారేసరికి సగం ఇస్త్రీ అయిపోతుంది. ఇస్త్రీబండికి వారానికి రెండే వెళతాయి. పొద్దున ఆరున్నరకు బస్సు. రెండు క్యారియర్లు, పిల్లల జడ, పాలు, పొయ్యి మీద సంగటి... వీటిమధ్య చీరకు దొరికేది ఆరు నిమిషాలు. అందుకే రాత్రే పైటమడతలు పెట్టి, పిన్ను గుచ్చి, కొక్కేనికి తగిలిస్తుంది. కింద నూలు లంగా. పైచీర ఎంత మంచిదైనా కింద జారుడు లంగా ఉంటే కుచ్చిళ్లు నిలవవు. మూడు పిన్నులు, ఒక సన్నటి గొలుసు, గాజులు, ఒకే జత గోధుమరంగు చెప్పులు. ఇప్పుడు కుచ్చిళ్లు కుట్టేసి, లంగాలా తొడుక్కునే చీరలు దుకాణాల్లోకి వచ్చాయి. ఆమె ఒకటి చూసి, మెచ్చుకొని, కొనకుండానే వచ్చింది. రెండేళ్ల తర్వాత దాన్ని విప్పి కూతురికి ఓణీ చేయాలంటే ఎలాగని ఆమె సందేహం.

అలాగని ఆమె తప్పు చేయలేదని కాదు. 2012లో ఒక సేల్‌లో ఐదు వందలకు మూడు చీరలు చూసి మనసు ఆగలేదు. మెరుపు, పువ్వులు, ఇస్త్రీ అక్కర్లేదు! ఏప్రిల్‌లో ఒంటిపూట బడి వదిలాక పన్నెండున్నర బస్సులో నిలబడి వచ్చింది ఆ చీరలో. ఇల్లు చేరేసరికి ఒళ్లంతా చెమటపొక్కులు. ఆ మూడూ ఇప్పటికీ చిరగలేదు. కిటికీలకు తెరలై ఉన్నాయి. ఆ కిటికీ చూసినప్పుడల్లా అత్తమ్మ 'ఐదు నూర్లు!' అంటుంది, ఇంకేమీ అనదు.

ఇంతకీ చీలిపోయిన ఆ పెళ్లిచీర ఏమైంది? పారేయబుద్ధి కాలేదు. ఒళ్లంతా పోయిందిగానీ జరీతో దట్టంగా నేసిన అంచు, కొంగు నిలబడ్డాయి. ఏడాదిన్నర గుడ్డసంచిలో వేపాకు మధ్య ఉంది. 2011లో ప్రొద్దుటూరులో మేనమామ కొడుకు పెళ్లి. ప్రొద్దుటూరు పెళ్లంటే తెలుసు కదా, బంగారం అంగళ్ల ఊరు! పట్టుచీర, వడ్డాణం లేకుండా మండపంలో నిలబడితే పనివాళ్లలో కలిపేస్తారేమోనని భయం. కొత్త పట్టుచీరకు చేతిలో డబ్బు లేదు. అప్పుచేసి కొందామని భర్త అన్నాడు. ఆమె ఆ గుడ్డసంచి తీసుకొని పాతబస్తీలోని దర్జీ సాయబు దగ్గరికి వెళ్లింది. మాధవరం నుంచి అక్క పంపిన మెరూన్‌రంగు సాదాచీర కూడా పట్టుకెళ్లింది.

ఆయన అంచును వేళ్లతో నలిపి చూశాడు, వెలుగుకు పట్టి చూశాడు. 'జరీ అసలుదమ్మా. అంచు బతికింది' అన్నాడు. నాలుగు రోజులు పట్టింది. పోయిన చీర అంచునూ కొంగునూ కొత్త చీరకు కుట్టి, వెనక సన్నటి అస్తరు వేశాడు. కూలి రెండు వందలు. నల్లబడ్డ జరీని మెత్తటి గుడ్డతో తుడిస్తే పాతవెండిలా తేలింది. కొత్తజరీలా కళ్లు చెదిరేలా మెరవలేదు. అదే దానికి అందమైంది.

పెళ్లిలో ఇద్దరు ముగ్గురు కొంగు పట్టుకొని చూశారు. 'ఎక్కడ తీసుకున్యావు? ఎంతబడింది?' ఏం చెప్పాలో తోచక ఆమె నవ్వుతుంటే, వెనకనుంచి అత్తమ్మ గట్టిగా చెప్పేసింది. 'అది వరదలో మునిగిన పెళ్లిచీర! అంచు తీసి ఏయించినాం. రెండు నూర్లు!' చుట్టూ ఉన్నవాళ్లు ఒక్క క్షణం మాట్లాడలేదు. కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భోజనాల దగ్గర మాత్రం వడ్డాణం పెట్టుకున్న ఒక పెద్దావిడ పక్కకు వచ్చి కూర్చొని, గొంతు తగ్గించి అడిగింది. 'మా అమ్మ చీరొకటి ఉంది, మడతల్లో చిరిగిపోయింది. ఆ దర్జీ అంగడి ఎక్కడమ్మా?'

లోకం సంగతి సరే. సొంత కూతురి సంగతి వేరు. పదో తరగతిలో ఉన్నప్పుడు, 2016లో, బడిలో తల్లిదండ్రుల సమావేశం ముందురోజు రాత్రి కూతురు వంటింటి గుమ్మంలో నిలబడింది. 'అమ్మా, రేపు ఆ ఆకుపచ్చ చీర కట్టుకొని రావద్దు. పోయినసారీ అదే, అంతకుముందూ అదే. మా ఫ్రెండ్స్ అందరూ చూస్తున్నారు.' చపాతీ తిప్పుతున్న చెయ్యి ఆగింది. పిల్లలకు ఏటా దసరాకు, సంక్రాంతికి రెండేసి జతలు కొన్నది, తనకు మాత్రం ఏడాదికొకటే అనుకున్నది ఈ పిల్ల కోసమే కదా అని ఒక్కసారిగా కోపం వచ్చింది. ఏదో అనబోయింది. అంతలోనే ముందు బెంచీ పిల్ల గుర్తొచ్చింది... 'ఇది లెక్కల టీచరమ్మ చీర గదా?' సిగ్గు ఏ వయసులో ఎలా కాలుస్తుందో తనకు తెలియదా?

'నువ్వే ఏరు' అంది బీరువా తాళాలిచ్చి.

కూతురు అరగంట ఏరింది. చివరికి శనివారం చీర తీసింది. గోధుమరంగు, ఎర్ర అంచు. దానిమీదకు నల్ల జాకెట్. 'ఇది నువ్వు బడికే కడతావు. మా బడికి ఎప్పుడూ కట్టలేదు' అంది. విప్పి కుచ్చిళ్లు పెడుతుంటే లోపలికొసన ఎర్రమరక కనిపించింది. ఇదేంటని అడిగింది. వరద అప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల. నీళ్లు గుర్తున్నాయి, బంధువుల మేడ గుర్తుంది. బీరువా గుర్తులేదు. తల్లి ఆ రాత్రి చెప్పింది. చెట్టుకింద అన్నం తిన్నది కూడా చెప్పింది. పిల్ల ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున తల్లి పైటకు తనే పిన్ను పెట్టింది.

ఇప్పుడు ఆ కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. జీతం తల్లి జీతంకంటే ఎక్కువే. ఆన్‌లైన్‌లో రెండు రోజులకో పొట్లం వస్తుందని తల్లి ఫిర్యాదు. మాధవరంలో ఇప్పుడు మామూలు నూలుచీర పదిహేను వందలు దాటింది. టీచరమ్మ జీతమూ పెరిగింది, చీరలు ఆరు దగ్గర ఆగలేదు, పదకొండయ్యాయి. అత్తమ్మ పోయి మూడేళ్లయింది. ఆదివారం చీర రెండో కొస పట్టుకొని లాగేది ఇప్పుడు భర్త. అంచు సరిగా పట్టుకోవటం ఆయనకు ఇంకా రాలేదు.

పోయిన దసరాకు ముందు కూతురు ఫోన్ చేసింది. ఆఫీసులో పండగ, అందరూ చీరల్లో రావాలట. మెరూన్‌ది, పాత అంచుది, కొరియర్‌లో పంపమంది.

'కొరియర్‌లోనా! నేనే తెస్తా' అంది తల్లి.

'సరే. ఇంకోటమ్మా... ఇక్కడ కుక్కరే ఉంది. గంజి ఎట్లా చెయ్యాలి?'

'ఆ చీరకు గంజి పెట్టకూడదే! అస్తరు ఉంది దానికి' అంది తల్లి గాభరాగా. 'ముట్టుకోవద్దు, నేనొస్తున్యా.'